అంతరాయం నుండి సందేశం వరకు: రియల్‌టైమ్ వ్యవస్థలలో ఇంటరప్ట్ నిర్వహణ - చారిత్రక పరిశీలన

ప్రవేశిక

ప్రాసెసర్ ఒక ప్రోగ్రామును నడుపుతూ ఉండగా, బయటి పరికరం తన అవసరాన్ని తెలియజేస్తూ పంపే సంకేతాన్ని 'ఇంటరప్ట్' అంటారు. సంకేతం అందగానే ప్రాసెసర్ చేస్తున్న పనిని నిలిపి, ఎక్కడ నిలిపిందో భద్రపరచుకొని, ఆ పరికరానికి కేటాయించిన చిన్న ప్రోగ్రామును నడిపి, తిరిగి మొదటి పనిలోకి ప్రవేశిస్తుంది. ఈ చిన్న ప్రోగ్రామును ఈ వ్యాసంలో 'సేవా రొటీన్' అని వ్యవహరించడమైనది.

ఇంటరప్ట్‌ను తెలుగులో 'అంతరాయం' అనడం సహజమే. అయితే విద్యుత్ సరఫరాలో అంతరాయం అన్నప్పుడు వినేవారికి స్ఫురించేది ఆటంకం, నష్టం. ఆగిన పనికి తాను ఆగినట్లే తెలియకుండా జరగవలసిన ప్రక్రియకు ఆ మాట అంతగా పొసగదు. 'పిలుపు' అంటే మరికొంత దగ్గరగా ఉంటుంది. కాని చరిత్రలోకి వెళ్లి చూస్తే 'అంతరాయం' అనే మాట కూడా అకారణమైనది కాదని తెలుస్తుంది. తొలితరం రూపకర్తలలో కొందరు దీనిని నిజంగానే ఒక ప్రమాదంగా భావించారు.

యంత్రాలలో అమర్చిన కంప్యూటర్లలో రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక ప్రత్యేక ధర్మం ఉంది. దాని జవాబు సరైనదైతే చాలదు, గడువులోపల కూడా అందాలి. ఇటువంటి వ్యవస్థలలో ఇంటరప్ట్ చరిత్రను సాధారణంగా వేగం పెరిగిన కథగా చెబుతారు: సంకేతం వచ్చినప్పటి నుండి సేవ మొదలయ్యే వరకు పట్టే కాలం మిల్లీసెకన్ల నుండి మైక్రోసెకన్లకు, అక్కడి నుండి ఇంకా దిగువకు తగ్గిందని. అది అసత్యం కాదు, అసంపూర్ణం. ఇంటరప్ట్ సమయంలోనే చేసే పనిని తరతరానికి తగ్గించుకుంటూ రావడం ఈ చరిత్రలోని ప్రధాన ధార. దాని వెనుక ఉన్న ప్రేరణ వేగం మీది మోజు కంటే, మళ్ళీ పుట్టించి చూడలేని దోషాల పట్ల భయమని ఈ పరిశీలన ప్రతిపాదిస్తున్నది.

పునరావృతం కాని దోషం

ఇంటరప్ట్ లేని యంత్రంలో ప్రోగ్రామే పరికరాలను పదేపదే అడిగి తెలుసుకోవాలి. తపాలా వచ్చిందేమోనని గడియకొకసారి గడప దాకా వెళ్లి చూసే మనిషికి ఇంట్లో పని సాగనట్లే, అటువంటి ప్రాసెసర్ కాలమంతా విచారణలకే ఖర్చవుతుంది. 1950 దశకంలో ఈ ఇబ్బందికి పలుచోట్ల పరిష్కారాలు రూపొందాయి. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 1954లో నిర్మించిన డైసియాక్ యంత్రంలో రెండు ప్రోగ్రామ్ కౌంటర్లు ఉండేవి. బయటి సంకేతం రాగానే యంత్రం ఒకదాని నుండి రెండవదానికి మారేది. ఆ దశకం మధ్యలో యూనివాక్ 1103కు, గాలి సొరంగ ప్రయోగాల దత్తాంశాన్ని ఇతర గణనల మధ్యలో స్వీకరించడం కోసం, ఇంటరప్ట్ సౌకర్యాన్ని జోడించారు. ఎవరు ప్రథములన్న చర్చకు ఇక్కడ పెద్దగా ప్రయోజనం లేదు. అవసరం ఒక్కటే కావడంతో ఆలోచన వేర్వేరు చోట్ల పుట్టింది.

ఇంతకంటే విలువైన సాక్ష్యం నెదర్లాండ్స్ నుండి లభిస్తున్నది. ఎలక్ట్రోలోజికా సంస్థ ఎక్స్1 యంత్రాన్ని రూపొందిస్తున్న కాలంలో, సుమారు 1957లో, లూప్‌స్ట్రా, స్కోల్టెన్‌లు ఇంటరప్ట్ ప్రతిపాదనను ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ముందుంచారు. యంత్రానికి ప్రాథమిక ప్రోగ్రాములు రాయవలసినవాడు డైక్‌స్ట్రాయే. ఆ ప్రతిపాదన విని తాను బెదిరిపోయానని, నిర్ణయాన్ని మూడు నెలల పాటు వాయిదా వేశానని ఆయన తరువాతి కాలంలో రాసుకున్నాడు. ఆ బెదురుకు కారణం స్పష్టం. అప్పటివరకు ఆయన ఎరిగిన యంత్రాలు ఒకే ప్రోగ్రామును ఒకే దత్తాంశంతో ఎన్నిసార్లు నడిపినా ఒకే విధంగా ప్రవర్తించేవి. దోషం కనబడితే మళ్ళీ నడిపి, అదే దోషాన్ని మళ్ళీ చూసి, దిద్దవచ్చు. ఇంటరప్ట్ ప్రవేశించిన తరువాత ఏ రెండు ఆదేశాల నడుమ ప్రోగ్రాము ఆగుతుందో ముందుగా చెప్పడం అసాధ్యం. దోషం ఒకసారి కనబడి మాయమైతే దానిని పట్టుకునేదెలా?

సహచరుల ప్రోద్బలంతో ఆయన చివరకు అంగీకరించాడు. అంగీకరించిన తరువాత చేసిన పని గమనార్హం. పరీక్షించి చూసి తృప్తిపడే మార్గం మూసుకుపోయింది గనుక, నిరూపణను ఆశ్రయించాడు. ప్రోగ్రాము ఏ క్షణంలో ఆగినా రిజిస్టర్ల స్థితిని పూర్తిగా భద్రపరచి యథాతథంగా తిరిగి నింపవచ్చునని ముందు తనను తాను తర్కంతో ఒప్పించుకొని, ఆ తరువాతనే రొటీన్లు రాశాడు. 1959లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథానికి ఈ కృషే విషయం. ఆ అనుభవం ఫలితంగా, ఇతర సంస్థల ఇంటరప్ట్ హార్డ్‌వేర్ రూపకల్పనలలోని లోపాలను ఆయన చాలా ఏళ్లపాటు గుర్తించగలిగాడు.

1960 దశకం తొలి భాగంలో ఆయన ప్రవేశపెట్టిన సెమాఫోర్‌ను ఈ భయానికి తరువాతి జవాబుగా చదవవచ్చు. ఐండ్‌హోవెన్‌లో నిర్మించి 1968లో వివరించిన బహుళ ప్రోగ్రామ్ వ్యవస్థలో ఇంటరప్ట్‌లను అట్టడుగు పొరకే పరిమితం చేశారు. పై పొరల ప్రక్రియలకు ఇంటరప్ట్ అనేది ఒకటుందన్న సంగతే తెలియదు. వాటికి తెలిసినదల్లా సెమాఫోర్ వద్ద వేచి ఉండడం, సంకేతం వస్తే కదలడం. అనూహ్యమైన ఘటనను అడుగునే సందేశంగా మార్చివేయడం అన్న సూత్రం ఇక్కడ స్పష్టమైన రూపంలో కనబడుతుంది.

చంద్రయానంలో నాలుగు మిల్లీసెకన్ల క్రమశిక్షణ

ఇదే సూత్రం దాదాపు అదే కాలంలో మరొక దారిలో అపోలో మార్గనిర్దేశక కంప్యూటర్లోకి వచ్చింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ఇన్‌స్ట్రుమెంటేషన్ ప్రయోగశాలలో హాల్ లానింగ్ రూపొందించిన ఆ వ్యవస్థలో రెండు భాగాలున్నాయి. మొదటిది వెయిట్‌లిస్ట్. నిర్ణీత సమయానికి జరగవలసిన పనులు గడియారపు ఇంటరప్ట్ ద్వారా ఇందులో నడిచేవి. అవి నడుస్తున్నంతసేపు ఇతర ఇంటరప్ట్‌లు ఆగి ఉండవలసిందే గనుక, వాటికి కొద్ది మిల్లీసెకన్లకు మించిన అవకాశం లేదు. నాలుగు మిల్లీసెకన్లే చాలా ఎక్కువ. అంతకు మించి గణన అవసరమైతే ఆ పని రెండవ భాగమైన ఎగ్జిక్యూటివ్ వద్ద ఒక 'జాబ్'‌ను నమోదు చేసి తప్పుకోవాలి. ఎగ్జిక్యూటివ్ ప్రాధాన్య క్రమంలో జాబ్‌లను నడిపేది. నేటి పాఠ్యపుస్తకాలు ఇంటరప్ట్ సేవలో 'పై సగం', 'కింది సగం' అని చెప్పే విభజనకు ఇది తొలి రూపాలలో ఒకటి. 2,048 పదాల చెరిపివేయదగిన స్మృతి, 36,864 పదాల స్థిర స్మృతి మాత్రమే ఉన్న యంత్రంలో ఇది సాధ్యపడింది.

1969 జూలై 20న అపోలో 11 చంద్రునిపై దిగుతున్నప్పుడు వెలువడిన 1202, 1201 హెచ్చరికలను ఇంటరప్ట్‌ల వెల్లువగా వర్ణించడం జనప్రియ రచనలలో కనబడుతుంది. ఈ వర్ణనను సవరించుకోవలసి ఉంది. కలయిక రాడార్‌కు, మార్గనిర్దేశక వ్యవస్థకు అందే 800 హెర్ట్జ్ విద్యుత్ సరఫరాలు పౌనఃపున్యంలో సమానంగా ఉన్నా దశలో పొందిక లేనివి. ఆ కారణంగా రాడార్ కోణాలను లెక్కించే పరికరాలు రెండూ నిజమైన కదలిక లేకుండానే గరిష్ఠ వేగంతో స్పందనలు పంపసాగాయి: ఒక్కొక్కటి సెకనుకు 6,400, మొత్తం 12,800. అపోలో కంప్యూటర్లో ఇటువంటి స్పందన సేవా రొటీన్‌ను పిలవదు. హార్డ్‌వేరే ప్రోగ్రాము నుండి ఒక స్మృతి చక్రాన్ని కాజేసి కౌంటరును పెంచుతుంది. చక్రానికి 11.7 మైక్రోసెకన్ల చొప్పున గుణిస్తే ప్రాసెసర్ కాలంలో సుమారు 15 శాతం ఇలా హరించుకుపోయిందని తేలుతుంది. ప్రోగ్రాముకు ఇందులో ఏదీ కనబడదు, యంత్రం నెమ్మదించినట్లు తప్ప.

ఫలితంగా రెండు సెకన్లకొకసారి నడవవలసిన అవరోహణ గణన, తన ముందటి విడత పూర్తికాకముందే మళ్ళీ మొదలు కావలసి వచ్చింది. జాబ్‌లకు కేటాయించే స్మృతి గదులు నిండిపోయాయి. 1202 అంటే ఆ గదులు ఖాళీ లేవని. 1201 అంటే మరొక రకం పని స్థలం నిండిపోయిందని. ప్రతి హెచ్చరికతోపాటు వ్యవస్థ తనను తాను పునఃప్రారంభించుకొని, పేరుకుపోయిన జాబ్‌లను పారవేసి, పునఃప్రారంభ రక్షణ ఉన్న ముఖ్యమైన పనులను మాత్రమే వాటి గుర్తు నుండి కొనసాగించింది. సెకనుకు పదిసార్లు నడిచే స్వయంచాలక నియంత్రణ తన పని తాను చేసుకుపోయింది.

ఇక్కడ గ్రహించవలసినది ఒకటుంది. ఇంటరప్ట్ సందర్భంలో చేసే పనిని ఎవరూ వాయిదా వేయలేరు, రద్దు చేయలేరు. జాబ్‌గా మారిన పనిని ఆ రెండూ చేయవచ్చు. బరువైన గణన సేవా రొటీన్లలో ఉండిపోయి ఉంటే పారవేయడానికి వ్యవస్థ చేతిలో ఏమీ ఉండేది కాదు.

రెండు ప్రాధాన్య క్రమాలు

మైక్రోప్రాసెసర్లు వచ్చిన తరువాత ఈ క్రమశిక్షణ ప్రతి పరికర నిర్మాతకూ అవసరమైంది. 1976లో వెలువడిన ఇంటెల్ 8085 భారతదేశపు ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలలలో కొన్ని తరాల విద్యార్థులకు తొలి పాఠం. ట్రాప్, ఆర్‌ఎస్‌టీ 7.5, 6.5, 5.5, ఐఎన్‌టీఆర్ అనే అయిదు ఇంటరప్ట్ దారుల ప్రాధాన్యాన్ని వరుసగా అప్పగించని విద్యార్థి అరుదు. ఈ పాఠం పరోక్షంగా ఒక భావనను స్థిరపరుస్తుంది: ప్రాధాన్యం అనేది చిప్ కాలికి ఉన్న గుణమని, ఏ తీగకు ఏ పరికరాన్ని తగిలిస్తే దాని గౌరవం అంత అని.

ఆపరేటింగ్ సిస్టమ్ ప్రవేశించగానే రెండవ ప్రాధాన్య క్రమం పుడుతుంది. టాస్కులకు షెడ్యూలర్ ఇచ్చే అంతస్తులు ఒకవైపు, తీగలకు హార్డ్‌వేర్ ఇచ్చే అంతస్తులు మరొకవైపు. సాధారణ ఏర్పాటులో రెండవది మొదటిదానికి పూర్తిగా పైన ఉంటుంది. అంటే వ్యవస్థలో అతి ముఖ్యమైన టాస్కును సైతం అతి అప్రధానమైన పరికరపు సేవా రొటీన్ నిలిపివేయగలదు.

సిద్ధాంతపరంగా దీని పర్యవసానం తీవ్రమైనది. 1973లో లియు, లేలాండ్‌లు ప్రచురించిన పరిశోధనా పత్రం ఆవర్తన టాస్కులకు తక్కువ వ్యవధి గలదానికి ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చే స్థిర పద్ధతిని విశ్లేషించింది. ప్రాసెసర్ వినియోగం రెండు టాస్కులకైతే సుమారు 83 శాతం, టాస్కుల సంఖ్య ఎంత పెరిగినా సుమారు 69 శాతం మించకుంటే గడువులన్నీ తప్పక నెరవేరుతాయని అది నిరూపించింది. ఈ లెక్క టాస్కులు తమ ప్రాధాన్య క్రమంలోనే నడుస్తాయన్న భావన మీద ఆధారపడింది. సేవా రొటీన్లు ఆ క్రమాన్ని లక్ష్యపెట్టవు. వాటి కాలం స్వల్పమైతే లెక్కలో కలుపుకోవచ్చు. దీర్ఘమైతే నిరూపణే కూలిపోతుంది. సేవా రొటీన్‌ను కుదించాలన్న సలహా మంచి అలవాటుగా మాత్రమే బోధింపబడుతున్నది గాని, దానికి ఈ గణిత కారణం ఉన్నదని చెప్పడం తక్కువ.

రెండు దుర్ఘటనలు

ఎటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా తయారుచేసిన థెరాక్-25 అనే వికిరణ చికిత్సా యంత్రం 1985 - 87 మధ్య ఆరుగురు రోగులకు ప్రమాదకరమైన అధిక మోతాదు ఇచ్చింది. వారిలో కొందరు మరణించారు. దానిని పీడీపీ-11 కంప్యూటర్ మీద, ప్రత్యేకంగా రాసిన రియల్‌టైమ్ కార్యనిర్వాహక ప్రోగ్రాము నడిపేది. కీబోర్డు నుండి వచ్చే సమాచారాన్ని, అయస్కాంతాల అమరికను వేర్వేరు టాస్కులు చూసుకుంటూ, రక్షణ లేని ఉమ్మడి చలరాశుల ద్వారా మాట్లాడుకునేవి. అమరికకు పట్టే సుమారు ఎనిమిది సెకన్లలోపల ఆపరేటర్ వివరాలను సవరిస్తే ఆ సవరణ ఒక టాస్కుకు తెలిసేది, మరొకదానికి తెలిసేది కాదు. టెక్సస్‌లోని టైలర్ ఆసుపత్రి భౌతిక శాస్త్రజ్ఞుడు, ఆపరేటర్ కలిసి శ్రమించి, సవరణ వేగంగా టైపు చేసినప్పుడు మాత్రమే దోషం పుడుతుందని కనుగొన్నారు. నిదానంగా టైపు చేసి పరీక్షించినవారికి అది కనబడలేదు. డైక్‌స్ట్రా ఊహించి బెదిరిన దోషం ఇటువంటిదే. ఇక్కడ దాని మూల్యం మనుషుల ప్రాణాలు.

రెండవ ఘటనలో ప్రాణనష్టం లేదు, పాఠం మరింత సూక్ష్మం. 1997 జూలై 4న అంగారకునిపై దిగిన పాత్‌ఫైండర్ నౌక కొద్ది రోజులకే తనంతట తాను పునఃప్రారంభం కాసాగింది. అందులో నడుస్తున్నది వీఎక్స్‌వర్క్స్. సమాచార వాహికను నడిపే టాస్కులు ఉన్నత ప్రాధాన్యం గలవి. వాతావరణ దత్తాంశాన్ని సేకరించే టాస్కు తక్కువ ప్రాధాన్యం గలది. ఈ చిన్న టాస్కు ఒక ఉమ్మడి తాళాన్ని పట్టుకొని ఉండగా, మధ్య ప్రాధాన్యం గల టాస్కులు దానిని పక్కకు నెట్టి నడిచేవి. తాళం కోసం వేచి ఉన్న ఉన్నత టాస్కు పరోక్షంగా మధ్య టాస్కులకు లోబడిపోయేది. సెకనుకు ఎనిమిదిసార్లు సాగే చక్రంలో ఒక టాస్కు తన పని ముగించలేదని మరొక టాస్కు గుర్తించి, వ్యవస్థను పునఃప్రారంభించేది. దీనిని కాపలా గడియారం చేసిందని విస్తృతంగా ప్రచారంలో ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ బృందానికి నాయకత్వం వహించిన గ్లెన్ రీవ్స్ రాసిన వివరణ ప్రకారం ఆ గుర్తింపు షెడ్యూలింగ్ టాస్కుదే.

ఈ ప్రాధాన్య విపర్యయం కొత్తది కాదు. లాంప్సన్, రెడెల్‌లు 1980లోనే దీనిని వర్ణించారు. షా, రాజ్‌కుమార్, లెహోజ్కీలు 1990లో ప్రాధాన్య వారసత్వ పద్ధతిని విశ్లేషించారు. వీఎక్స్‌వర్క్స్‌లో ఆ సౌకర్యం ఉంది కూడా. వేగం తగ్గుతుందన్న ఆలోచనతో ఆ తాళానికి అది అమలులో లేదు. భూమి మీది నమూనా యంత్రంలో దోషాన్ని పునఃసృష్టించి, వారసత్వాన్ని అమలు చేసే చిన్న మార్పును అంగారకునికి పంపడంతో సమస్య తీరింది. ప్రయోగానికి ముందు పరీక్షలలోనూ ఇటువంటి పునఃప్రారంభాలు అరుదుగా కనబడ్డాయి. కాని ప్రయత్నించినప్పుడు మళ్ళీ రాలేదు. 1957 నాటి ప్రశ్న నలభై ఏళ్ల తరువాత మరొక గ్రహం మీద యథాతథంగా ఎదురైంది.

ఈ ఘటనను ఇంటరప్ట్ చరిత్రలో చేర్చడానికి హేతువుంది. సేవా రొటీన్ తాళం కోసం వేచి ఉండలేదు. దానికి నిద్ర లేదు. టాస్కు వేచి ఉండగలదు. పనిని ఇంటరప్ట్ నుండి టాస్కుకు తరలించినప్పుడు షెడ్యూలర్ ఆధిపత్యం లభిస్తుంది, దానితోపాటు తాళాల నిరీక్షణ, విపర్యయం కూడా సంక్రమిస్తాయి. అనిశ్చితి చోటు మారింది. కొత్త చోటులో దానిని విశ్లేషించడానికి గణితం ఉన్నదన్నది నిజమైన లాభం.

ఇంటరప్ట్ థ్రెడ్‌గా మారడం

1990 దశకంలో ఈ ధార తార్కిక పర్యవసానానికి చేరింది. సోలారిస్ రూపకర్తలలో క్లైమన్, ఐక్‌హోల్ట్‌లు 1995లో ఇంటరప్ట్‌లను థ్రెడ్లుగానే పరిగణించే పద్ధతిని వివరించారు. మరుసటి ఏడు మొగల్, రామకృష్ణన్‌లు ఎదురు కోణం నుండి హెచ్చరించారు: నెట్‌వర్క్ ప్యాకెట్ల వేగం మితిమీరితే యంత్రం ఇంటరప్ట్‌లను స్వీకరించడంలోనే మునిగిపోయి ఒక్క ప్యాకెట్‌నూ గమ్యం చేర్చలేదని. రద్దీ వేళ ఇంటరప్ట్‌లను ఆపి, పాత విచారణ పద్ధతికి మరలడం వారు సూచించిన పరిష్కారంలో భాగం. తొలితరం వ్యర్థమని వదిలిన పద్ధతి ఇలా గౌరవంగా తిరిగివచ్చింది.

చిన్న ప్రాసెసర్లలో రాజీ వేరు. ఆర్మ్ సంస్థ 2004లో ప్రకటించిన కార్టెక్స్-ఎం3 ఎనిమిది రిజిస్టర్లను హార్డ్‌వేర్ ద్వారానే భద్రపరచి, జాప్యం లేని స్మృతితో 12 చక్రాలలో సేవా రొటీన్‌లోకి ప్రవేశిస్తుంది. డైక్‌స్ట్రా తర్కించి సాధించిన భద్రత ఇక్కడ సిలికాన్‌లో ఒదిగింది. దాని మీద నడిచే ఫ్రీఆర్‌టాస్ ఒక ప్రాధాన్యపు గీత గీస్తుంది. గీతకు దిగువనున్న ఇంటరప్ట్‌లు కెర్నల్ సేవలను, అదీ వాటి కోసం వేరుగా రాసిన రూపాలలోనే, వాడుకోవచ్చు. ఎగువనున్నవాటిని కెర్నల్ ఎన్నడూ ఆపదు, అవి కెర్నల్‌ను ఎన్నడూ పిలవరాదు. ఈ ప్రాసెసర్లో చిన్న అంకె పెద్ద ప్రాధాన్యాన్ని సూచిస్తుంది, టాస్కులకు పెద్ద అంకెయే పెద్ద ప్రాధాన్యం. రెండు క్రమాలు ఎదురెదురు దిక్కులలో లెక్కించడం వల్ల కలిగిన పొరపాట్లకు కొదవ లేదు.

లినక్స్ విషయంలో ప్రయాణం దీర్ఘమైనది. 1990 దశకం చివరి ఆర్‌టీలినక్స్, లినక్స్ మొత్తాన్ని ఒక చిన్న రియల్‌టైమ్ కెర్నల్ కింద అట్టడుగు టాస్కుగా కూర్చోబెట్టింది. ఇంటరప్ట్‌లను ఆపుతున్నానని లినక్స్ అనుకుంటుంది, నిజానికి ఒక జెండా మాత్రమే మారుతుంది. ఇంగో మోల్నార్, థామస్ గ్లైక్స్‌నర్ తదితరులు చేపట్టిన ప్రీఎంప్ట్-ఆర్‌టీ ఇందుకు భిన్నంగా కెర్నల్‌నే మార్చింది. సేవా రొటీన్లు ప్రాధాన్యం కేటాయించదగిన థ్రెడ్లయ్యాయి. తిరుగుడు తాళాలలో అధికభాగం ప్రాధాన్య వారసత్వం గల నిద్రించే తాళాలయ్యాయి. థ్రెడ్ రూపంలోని ఇంటరప్ట్‌లు 2009లో 2.6.30 ద్వారా ప్రధాన కెర్నల్లో చేరాయి. మొత్తం కృషి 2024 నవంబరులో విడుదలైన 6.12తో గాని ప్రధాన స్రవంతిలో కలవలేదు. చివరివరకు అడ్డుపడినది ఏ సంక్లిష్ట పరికరమో కాదు. కెర్నల్ తన సందేశాలను తెర మీద ముద్రించే అతి సాధారణ సౌకర్యం. ఎక్కడి నుండైనా, ఏ స్థితిలోనైనా పిలవదగినదిగా ఉండవలసి రావడమే దాని చిక్కు.

ఈ రూపంలో పరికరపు సంకేతం వచ్చినప్పుడు ఇంటరప్ట్ సందర్భంలో మిగిలే పని సాధారణంగా సంకేతాన్ని అంగీకరించి, సంబంధిత థ్రెడ్‌ను లేపడం మాత్రమే. తరువాతి నిర్ణయం షెడ్యూలర్‌ది. గడియారపు ఇంటరప్ట్ మాత్రం నేటికీ థ్రెడ్‌గా మారలేదు. గడువులను షెడ్యూలర్‌కు తెలియజేసేది అదే గనుక దానిని షెడ్యూలర్ వరుసలో నిలబెట్టడం కుదరదు. ఆ కొద్ది ఆదేశాలు 1954 నాటి డైసియాక్‌లో వలెనే తీగ ఆజ్ఞ మీద నడుస్తున్నాయి.